కీబోర్డు ధరలో దేనికెంత చెల్లిస్తున్నాం?

(సికింద్రాబాదులో కంప్యూటర్ వాడకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మీలో ప్రోగ్రాములు రాసేవారు ఉన్నారు, డీటీపీ పని చేసేవారు ఉన్నారు, రోజూ పేజీలకొద్దీ తెలుగు టైపు చేసే పాత్రికేయులు ఉన్నారు. కాబట్టి టీవీఎస్ గోల్డ్ కీబోర్డును మీకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. బ్యాంకు కౌంటర్ల వెనుక, రైల్వే రిజర్వేషన్ కేంద్రాల్లో, జిరాక్సు దుకాణాల పక్కనుండే డీటీపీ సెంటర్లలో టకటకమంటూ పనిచేసిన ఆ కీబోర్డు లోపల ప్రతి మీట కిందా ఏళ్ల తరబడి ఉన్నది జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ వారి ఎంఎక్స్ బ్లూ స్విచ్. అదే స్విచ్ ఉన్న కీబోర్డులు అమెరికాలో, యూరపులో వంద డాలర్ల చుట్టుపక్కల అమ్ముడవుతున్న రోజుల్లో, చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి ఈ కీబోర్డు ఇక్కడి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు వేల రూపాయల లోపే దొరికేది. మీటలను పట్టి ఉంచే దాని బయటి పెట్టె మామూలు ప్లాస్టిక్కు, దాని రూపం ఏళ్లు గడిచినా మారలేదు, కార్యాలయాలు దాన్ని ఒక్కొక్కటిగా కాకుండా వందల లెక్కన కొన్నాయి. ధర తక్కువగా ఉండడానికి ఈ కారణాలే చాలు.

రెండో కొసన ఉన్న వస్తువును కూడా చూద్దాం. అమెరికాలో నార్‌బావర్ అనే చిన్న సంస్థ 2025లో సెనెకా అనే కీబోర్డును 3,600 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దాని స్విచ్చులను, పొడవైన మీటలు ఒకవైపు ఒరగకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్లను కూడా ఆ సంస్థే సొంతంగా రూపొందించుకుంది. బరువు మూడు కిలోల పైచిలుకు. దాన్ని తయారుచేసినవారి శ్రద్ధను నేను మనసారా గౌరవిస్తాను. కానీ దాని మీద టైపు చేసినా, టీవీఎస్ గోల్డ్ మీద టైపు చేసినా కంప్యూటరుకు చేరే అక్షరం ఒకటే.

ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఈనాటి నా ప్రసంగ విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఔత్సాహికుల కోసం తయారయ్యే మెకానికల్ కీబోర్డుల్లో ధర పైకి వెళ్లేకొద్దీ, వేలికి తెలిసే నాణ్యత కోసం మనమిచ్చే సొమ్ము పాలు తగ్గుతూ, ఆ వస్తువు ఎంత తక్కువ సంఖ్యలో తయారైందన్న దానికి ఇచ్చే సొమ్ము పాలు పెరుగుతూ వస్తుంది. తక్కువ సంఖ్యకు డబ్బు చెల్లించడం తప్పని నేను అనను. అరుదైన రూపకల్పనకు, జాగ్రత్తగా చేసిన పనికి ఖర్చవుతుంది, ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించాలి. అయితే దేనికి చెల్లిస్తున్నామో తెలిసి చెల్లించాలి, అందుకు ధరను భాగాలుగా విప్పి చూడడం అలవాటు చేసుకోవాలి.

ముందు స్విచ్ సంగతి చూద్దాం, ఎందుకంటే కొనేవారు మొదట అడిగేది దాని గురించే. మామూలు కీబోర్డులో మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర ఉంటుంది, మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ సొంత స్ప్రింగు, సొంత లోహపు స్పర్శతో విడి స్విచ్ ఉంటుంది. చెర్రీ ఎంఎక్స్ రకంలో మీట సుమారు 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అందులో సగం దూరం దిగేసరికే అక్షరం పడుతుంది. ఎరుపు స్విచ్ నున్నగా దిగుతుంది, గోధుమరంగుది మధ్యలో చిన్న తట్టు ఇస్తుంది, నీలిది తట్టుతోపాటు చప్పుడూ చేస్తుంది. 1980ల తొలినాళ్లలో బజారుకు వచ్చిన ఈ రూపకల్పన మీద పేటెంటు గడువు 2014 ప్రాంతంలో ముగిసింది, ఆ తర్వాత చైనాలో హుయ్‌జో కేంద్రంగా ఉన్న గేటరాన్, డోంగ్వాన్‌లోని కైల్ వంటి కంపెనీల మధ్య పోటీ ఊపందుకుంది. చెర్రీ స్విచ్‌లో వేలికి తగిలే గరుకుదనాన్ని ఈ కంపెనీలు చాలావరకు తగ్గించాయి, ధరనూ తగ్గించాయి. ఇవాళ మన దేశంలోనే ఇరవై రూపాయల చుట్టుపక్కల చక్కటి నున్నటి స్విచ్ దొరుకుతుంది. పేరున్న ప్రత్యేక రకాలు ఒక్కొక్కటి డాలరు దగ్గరో, ఆ పైనో ఉంటాయి. విడిగా చూస్తే రెండూ చిన్న మొత్తాలే, కాని మీటల సంఖ్యతో గుణించినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. డెబ్బై మీటల కీబోర్డుకు ఇరవై రూపాయల స్విచ్చులైతే 1,400 అవుతుంది, ఎనభై రూపాయలవైతే 5,600 అవుతుంది.

ఈ తేడాకు తగిన తేడా వేలికి తెలుస్తుందా అన్న ప్రశ్నకు హోలీ పాండా స్విచ్ చరిత్ర మంచి సమాధానం చెబుతుంది. ఔత్సాహికులు పాండా అనే స్విచ్ బయటి పెట్టెను, హేలో అనే మరో స్విచ్ లోపలి కాడను కలిపి చూసి, రెంటి కంటే మేలైన తట్టు వస్తోందని కనిపెట్టారు. పాండా పెట్టెలు కొద్దిగానే ఉండటంతో ఆ జోడింపు ధర ఆకాశానికి ఎక్కింది. తర్వాత డ్రాప్ అనే అమెరికన్ సంస్థ దాన్ని నేరుగా తయారుచేయించి ఒక్కొక్కటి సుమారు డాలరుకు అమ్మింది, ఆ వెనుకే గ్లోరియస్ వంటి ఇతరులూ అదే తరహా స్విచ్చులు తెచ్చారు. ఇప్పుడు ఆ తరహా తట్టు కోసం ఎవరూ ఎగబడనక్కరలేదు. తట్టులో పెద్దగా మార్పు రాలేదు, తయారయ్యే సంఖ్య మాత్రం మారింది, ధర దానితోపాటే దిగింది.

స్విచ్‌కు సంబంధించి మరొక ఖర్చు ఉంది, దాన్ని నేను న్యాయమైన ఖర్చుగానే లెక్కిస్తాను. స్విచ్‌ను విప్పి, లోపలి కాడకు, పట్టాలకు క్రైటాక్స్ 205జీ0 వంటి గ్రీజును సన్నటి కుంచెతో పలచగా పూసి, మళ్లీ బిగించే పనిని లూబ్ చేయడం అంటారు. డెబ్బై స్విచ్చులకు ఇది గంటల పని, చేయి తిరిగినవారు తప్ప సమంగా పూయలేరు. చేసిపెట్టినవారు కూలి అడిగితే బేరమాడకండి. అయితే ఇప్పుడు చాలా స్విచ్చులు ఫ్యాక్టరీలోనే గ్రీజు పూసి వస్తున్నాయి గనుక, మొదటిసారి కొనేవారికి ఈ ఖర్చు అవసరం లేకుండా పోయింది.

ఇక పెట్టె, అంటే కేస్ విషయం. ఔత్సాహికుల కీబోర్డు ధరలో పెద్ద వాటా దీనిదే. అల్యూమినియం దిమ్మను సీఎన్‌సీ యంత్రం మీద చెక్కి పై భాగాన్ని, కింది భాగాన్ని విడివిడిగా తయారుచేస్తారు. ఆ తర్వాత సన్నటి రేణువులతో ఉపరితలాన్ని సమం చేసి, ఆనొడైజింగ్ ద్వారా రంగు ఎక్కిస్తారు. యంత్రానికి ఆదేశాలు రాయడం, దిమ్మను పట్టి ఉంచే బిగింపులు చేయడం, నమూనాలు చెక్కి సరిచూసుకోవడం అన్నవి వంద పెట్టెలకైనా పదివేల పెట్టెలకైనా ఒకే రకంగా పడే ఖర్చులు. ప్రెస్సుకు వెళ్లి యాభై శుభలేఖలు అచ్చువేయమంటే ఒక్కో లేఖ ధర ఎంత చెబుతారో, వెయ్యి వేయమంటే ఎంత చెబుతారో మీకు తెలుసు, ఇక్కడా అదే లెక్క. దీనికి తోడు ఆనొడైజింగ్‌లో ఒక పెట్టె పై భాగం రంగు కింది భాగం రంగుతో కలవకపోతే దాన్ని పక్కన పెట్టాలి. తక్కువ సంఖ్యలో చేసేవారికి ఆ నష్టం నేరుగా ధర మీద పడుతుంది.

2021కి ముందు మంచి అల్యూమినియం కీబోర్డు కావాలంటే స్విచ్చులూ, మీటల మీది తొడుగులైన కీక్యాప్‌లూ లేకుండానే మూడు వందల డాలర్లో, ఆ పైనో సిద్ధం చేసుకోవలసి వచ్చేది. ఆ ఏడాది గ్లోరియస్ కంపెనీ జీఎంఎంకే ప్రోను, కీక్రాన్ కంపెనీ క్యూ1ను నూటయాభై, నూటడెబ్బై డాలర్ల శ్రేణిలో, ఎవరైనా ఎప్పుడైనా కొనుక్కోగలిగేలా తెచ్చాయి. ఆ రెండూ పెద్ద సంఖ్యలో తయారయ్యాయి గనుకనే అది సాధ్యమైంది. ఆ తర్వాత నియో65, రెయినీ 75 వంటివి వంద డాలర్ల చుట్టుపక్కలకే అల్యూమినియం పెట్టెను తెచ్చాయి, రెయినీ 75 అయితే స్విచ్చులు, కీక్యాప్‌లతో సహా వస్తుంది. చైనాలోని కొనుగోలుదారులు లక్షల్లో పెరగడం, అక్కడి కర్మాగారాలు ఒకదానితో ఒకటి పోటీపడడం మనకు ఇంత మేలు చేశాయి. ఈ మార్పును గమనించకుండా పాత లెక్క ప్రకారం ధరలు కట్టేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి దీన్ని ప్రత్యేకించి చెబుతున్నాను.

మరి ఇప్పుడు నాలుగైదు వందల డాలర్ల పెట్టె ఎందుకు కొనాలి? అంచుల నునుపు, రెండు భాగాలు కలిసే చోట గీత కనిపించనంత బిగువు, అడుగున బిగించిన ఇత్తడి బరువు మీది మెరుగు, స్విచ్చులను పట్టి ఉంచే ప్లేటును రబ్బరు పట్టీల మధ్య ఎక్కడ ఎంత బిగువుతో కూర్చోబెట్టారన్న లెక్క, వీటన్నిటిలో తేడా ఉంటుంది. కన్నూ చేయీ అలవాటైనవారికి అది తెలుస్తుంది, తెలిసినవారు ఆనందంగా కొనుక్కోవచ్చు. కీకల్ట్ వంటి సంస్థలు లాటరీ తీసి కొద్దిమందికే అమ్మే కీబోర్డులు చేతులు మారినప్పుడు వేల డాలర్లు పలకడానికి మాత్రం పనితనం ఒక్కటే కారణం అనలేం. అక్కడ కొంటున్నది అరుదుదనాన్నే.

ఒక రూపకల్పన విలువ, దాని అరుదుదనం వేరువేరని నాకు బాగా నచ్చజెప్పింది టీజీఆర్ ఆలిస్ కథ. మలేసియాకు చెందిన రూపశిల్పి 2018 ప్రాంతంలో తెచ్చిన ఈ కీబోర్డులో మీటలు రెండు గుంపులుగా విడి, మణికట్టుకు వీలుగా కాస్త ఏటవాలుగా అమరి ఉంటాయి. చాలా తక్కువ సంఖ్యలో తయారైంది గనుక అసలు వస్తువు ధర సామాన్యులకు అందనంత పెరిగింది. కాని ఆ అమరిక అందరికీ నచ్చి ఎంతోమంది దాన్ని అనుసరించారు. కీక్రాన్ వారి క్యూ8, వీ8లలో అదే అమరిక ఉంది. మణికట్టుకు కలిగే సౌఖ్యం కావాలనుకునేవారికి ఇవాళ అది అసలు ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది, తొలి ప్రతిని దగ్గర ఉంచుకోవాలనుకునేవారు ఆ కోరికకు వేరే ధర చెల్లిస్తారు.

మణికట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. జెడ్ఎస్ఏ మూన్‌ల్యాండర్ 365 డాలర్లు, కినెసిస్ అడ్వాంటేజ్360 నాలుగు వందల యాభై డాలర్ల చుట్టుపక్కల ఉంటాయి. రెండు ముక్కలుగా విడిపోయే ఈ కీబోర్డుల ధర చూసి చాలామంది వెనుకాడతారు. నేను మాత్రం అలంకారం కోసం ఇచ్చే నాలుగు వందల డాలర్ల కంటే భుజాలను విశాలంగా ఉంచుకుని పనిచేయడానికి ఇచ్చే నాలుగు వందల డాలర్లను ఎక్కువగా సమర్థిస్తాను. నొప్పి ఉన్నవారు ముందు వైద్యుడికి చూపించుకోవాలి, కీబోర్డు తర్వాత సంగతి.

కీక్యాప్‌ల గురించి చెప్పాలంటే జర్మనీకి చెందిన జీఎంకే కంపెనీతో మొదలుపెట్టాలి. చెర్రీ కంపెనీ పాతకాలపు డబుల్‌షాట్ అచ్చులు వీరి చేతికి వచ్చాయి. డబుల్‌షాట్ అంటే అక్షరాన్ని ఒక రంగు ప్లాస్టిక్కుతోను, దాని చుట్టూ మీటను మరో రంగు ప్లాస్టిక్కుతోను పోత పోయడం. అక్షరం పైపూత కాదు గనుక ఎన్నేళ్లు వాడినా చెరగదు. ఒక రూపశిల్పి రంగుల జోడింపును నిర్ణయిస్తాడు, ఆ రంగులకు తగిన ప్లాస్టిక్కును ప్రత్యేకంగా కలిపించాలి, కంపెనీ అడిగిన కనీస సంఖ్యకు సరిపడా కొనుగోలుదారులు పోగవ్వాలి. అందువల్ల మూల సెట్టు ఒక్కటే నూట ముప్ఫై, నూట యాభై డాలర్ల దాకా వెళ్లేది, స్పేస్‌బార్లు, బొమ్మల మీటలు వేరుగా కొనాలి. 2020 నుంచి 2022 వరకు కొత్త అభిరుచిపరులు వెల్లువెత్తడంతో డబ్బు కట్టినవారు ఏడాదికి పైగా ఎదురుచూసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ఇంత చెల్లించి తెచ్చుకున్న జీఎంకే మీటలు ఏబీఎస్ ప్లాస్టిక్కువి. అక్షరం చెరగదు గాని, వేళ్ల నూనెకు కొంతకాలానికి ఉపరితలం నిగనిగలాడడం మొదలవుతుంది. పీబీటీ ప్లాస్టిక్కు మీద వేడితో రంగు ఇంకించి చేసే డై-సబ్ మీటలు అంత త్వరగా నునుపెక్కవు, ధర అందులో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. రోజంతా టైపు చేసేవారికి నేను పీబీటీనే చెబుతాను. ఈ సందర్భంలో ఒక విన్నపం కూడా ఉంది. పేరున్న రంగుల జోడింపులను యథాతథంగా నకలు చేసి చౌకగా అమ్మే సెట్లు బజారు నిండా ఉన్నాయి, వాటిలో అసలు రూపశిల్పికి ఒక్క పైసా అందదు. అదే ధరకు ఎవరి రూపకల్పననూ దొంగిలించని మంచి సెట్లు దొరుకుతున్నప్పుడు నకళ్ల వైపు వెళ్లవలసిన అవసరం లేదు.

గ్రూప్ బై అనే పద్ధతి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ అభిరుచిలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. రూపశిల్పి ముందు తన ఆలోచనను చిత్రాలతో ప్రకటించి ఎంతమందికి ఆసక్తి ఉందో చూస్తాడు. దీన్ని ఇంటరెస్ట్ చెక్ అంటారు. తగినంతమంది ఉన్నారనిపిస్తే కొద్ది వారాలపాటు ఆర్డర్లు తీసుకుంటారు, కొనేవారు పూర్తి ధరను ముందే చెల్లిస్తారు, ఆ సొమ్ముతోనే తయారీ మొదలవుతుంది. వేరుగా పెట్టుబడి పెట్టగల స్తోమత లేని యువ రూపశిల్పులు తమ ఆలోచనలను వస్తువులుగా మార్చగలిగింది ఈ పద్ధతి వల్లనే, ఇది లేకపోతే నేడు మనం చూస్తున్న వైవిధ్యంలో చాలా భాగం ఉండేది కాదు. అయితే ఈ ఏర్పాటులో కొనుగోలుదారుడే పెట్టుబడిదారుడు. నష్టం వస్తే అతని వంతు అతనికి పడుతుంది, లాభం వస్తే మాత్రం అతనికి వాటా ఉండదు. ఆలస్యమైన నెలలకు వడ్డీ ఉండదు. డబ్బు కట్టిన నాటికీ వస్తువు బయలుదేరే నాటికీ మధ్య రవాణా చార్జీలు పెరిగితే అదనంగా అడిగే విక్రేతలూ ఉన్నారు.

లాక్‌డౌన్ కాలంలో అమ్మకాలు ఉప్పొంగినప్పుడు కొన్ని దుకాణాలు కొత్త గ్రూప్ బై సొమ్ముతో పాత గ్రూప్ బై బాకీలు తీరుస్తూ వచ్చాయి. అమ్మకాలు నెమ్మదించగానే ఆ గొలుసు తెగింది. దుకాణాలు మూతపడ్డాయి, డబ్బు కట్టినవారికి వస్తువూ రాలేదు, సొమ్మూ తిరిగి రాలేదు. క్రెడిట్ కార్డు ద్వారా ఫిర్యాదు చేయడానికి ఉండే గడువు సాధారణంగా నెలల్లోనే ముగుస్తుంది, గ్రూప్ బై వస్తువు చేతికి రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మోసం ఉద్దేశం లేనిచోట కూడా ఇలా జరగవచ్చని గుర్తుంచుకోండి.

అందుకని గ్రూప్ బైలో చేరాలనుకునేవారు ముందు విక్రేత ఇంతకుముందు మొదలుపెట్టిన ఎన్ని గ్రూప్ బైలు పూర్తయ్యాయో, ఎన్ని ఇంకా తేలకుండా ఉన్నాయో చూడాలి. తేలనివి ఎక్కువగా ఉండగా కొత్తవి ప్రకటిస్తూ పోతున్నాడంటే దూరంగా ఉండడం మంచిది. చూపుతున్నవి కంప్యూటరులో గీసిన చిత్రాలేనా, లేక నిజంగా చెక్కిన నమూనా ఫొటోలా అన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే తెరమీది రంగు, ప్లాస్టిక్కులోకి వచ్చే రంగు తరచుగా ఒకటిగా ఉండవు. నా సలహా అయితే, మొదటి కీబోర్డును ఎవరూ గ్రూప్ బైలో కొనవద్దు. ఆర్డర్ల కంటే కొన్ని ఎక్కువ తయారుచేయించి తర్వాత అమ్మే ఎక్స్‌ట్రాస్ అనేవి ఉంటాయి. ధర కాస్త అటూ ఇటూ అయినా వస్తువు కళ్లముందు ఉంటుంది. మన దేశపు విక్రేత వద్ద కొన్నప్పుడు రసీదు తీసి ఉంచుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. సముద్రాల అవతల చాట్‌లో మారుపేరుతో కనిపించే విక్రేత మీద ఆ చట్టం ఏ మేరకు పనికొస్తుందో మీరే ఊహించుకోవచ్చు.

విదేశాల నుంచి తెప్పించుకునేటప్పుడు తెరమీద కనిపించే ధర సగం కథ మాత్రమే. మన దేశంలో కీబోర్డు మీద జీఎస్టీ 18 శాతం. బయటి నుంచి వచ్చినదాని మీద రవాణా చార్జీ కూడా కలిపిన విలువకు పన్ను లెక్కిస్తారు, దాని మీద కొరియరు సంస్థ తన రుసుము వేసుకుంటుంది. వ్యక్తిగత వాడకానికి తెప్పించుకునే వస్తువుల కింద కొరియరు సంస్థ దాన్ని నమోదు చేస్తే సుంకం మరింత ఎక్కువ పడుతుంది. అందుకని వస్తువును ఏ వర్గం కింద చూపారో బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రంలో, చూసుకోవాలి, తప్పుంటే వెంటనే అడగాలి. విలువ తక్కువగా రాసి పంపమని విక్రేతను కోరవద్దు. అది నేరం, పైగా దారిలో వస్తువు పోతే రాసిన విలువ వరకే పరిహారం వస్తుంది. ఈ లెక్కలన్నీ వేసి చూస్తే, మన దేశంలో సరుకు నిల్వ పెట్టుకుని అమ్మేవారి ధర మొదట ఎక్కువ అనిపించినా చివరకు దాదాపు సమానమవుతుంది, చెడిపోతే మార్చి ఇచ్చే మనిషి కూడా దగ్గరలో ఉంటాడు.

మన ఇళ్లలో మరొక దారి ఉంది. అమెరికాలో ఉన్న అన్నయ్యో, మేనకోడలో సెలవులకు వస్తుంటే అక్కడ కొని తెమ్మంటాం. అక్కడి ధరలు కూడా మారాయని గమనించండి. 800 డాలర్ల లోపు విలువ ఉన్న పార్సెల్ సుంకం లేకుండా అమెరికాలో ప్రవేశించే వెసులుబాటును చైనా, హాంకాంగ్ సరుకుకు 2025 మే 2 నుంచి, మిగతా దేశాల సరుకుకు ఆగస్టు 29 నుంచి తొలగించారు. ఔత్సాహికుల కీబోర్డుల్లో అత్యధిక భాగం చైనాలో తయారవుతాయి గనుక ఆ దెబ్బ నేరుగా వీటి మీదే పడింది. కీబోర్డులు అమ్మే క్వర్టీకీస్ సంస్థ ఆ ఏడాది కొంతకాలం అమెరికాకు పార్సెళ్లు పంపడమే ఆపింది. డల్లాస్ నుంచి తెప్పిస్తే చౌక అన్న పాత నమ్మకాన్ని ఇప్పుడు లెక్కవేసి సరిచూసుకోవాలి.

ఇక మనకు సంబంధించిన అసలు ప్రశ్న ఒకటుంది, విదేశీ సమీక్షల్లో ఇది కనిపించదు. తెలుగును ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే భారతీయ భాషలకు ప్రామాణికమైన మీటల అమరికలో, టైపు చేసేవారు ఎంత చిన్న కీబోర్డు కొనవచ్చు? ఇన్‌స్క్రిప్ట్‌లో చ, ట, డ అక్షరాలు ఇంగ్లిషు విరామచిహ్నాల మీటల మీద ఉంటాయి. క్ష, జ్ఞ, త్ర, శ్ర వంటివి షిఫ్టు నొక్కి అంకెల వరుసలో కొడితే ఒక్క మీటతో వస్తాయి. కాబట్టి అంకెల వరుస లేని నలభై శాతం కీబోర్డులు (పూర్తి కీబోర్డుతో పోల్చి పరిమాణాన్ని ఇలా శాతాల్లో చెబుతారు), వాటి అందం ఎంతైనా, మనకు పనికిరావు. అరవై శాతం కీబోర్డుల్లో అంతగా కనిపించని చిక్కు ఒకటుంది. ఒకటి అంకెకు ఎడమవైపున ఉండే మీట ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో ఒత్వానిది, అంటే కొ, పొ, చొ అని రాయాలంటే ఆ మీటే కావాలి, షిఫ్టుతో కొడితే అదే ఒ అవుతుంది. అరవై శాతం, అరవై అయిదు శాతం కీబోర్డుల్లో చాలావాటిలో ఆ చోట ఎస్కేప్ మీట కూర్చుంటుంది. కొత్త, పొలం, తొలి అని రాసిన ప్రతిసారీ ఫంక్షన్ మీటను కలిపి నొక్కవలసి వస్తుంది.

అందువల్ల తెలుగు రాసేవారికి పై వరుసలో ఫంక్షన్ మీటలు ఉండి, ఎస్కేప్ విడిగా ఉండే డెబ్బై అయిదు శాతం కీబోర్డుగాని, కుడివైపు అంకెల గుంపు లేని 87 మీటల టీకేఎల్ కీబోర్డుగాని నేను గట్టిగా సూచిస్తాను. ఇంతకంటే చిన్నదే కావాలనుకుంటే క్యూఎంకే లేదా వయా అనే సాఫ్ట్‌వేర్లతో మీటలను మార్చుకునే వీలుందో లేదో చూసి కొనండి. క్యూఎంకే ఉచితంగా దొరికే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్, కంపెనీ రేపు మూతపడినా మీ కీబోర్డు అమరికను మార్చుకునే అధికారం మీ చేతిలోనే ఉంటుంది. జపానులో ఫిల్కో కీబోర్డులతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డయాటెక్ సంస్థ 2024 ఏప్రిల్‌లో మూతపడిందని తలచుకుంటే ఈ జాగ్రత్త అవసరం తెలుస్తుంది. ఇంకొక మాట, ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ వంటి ఒత్తక్షరాలకూ అచ్చులకూ షిఫ్టు వాడకం ఎక్కువ కాబట్టి ఎడమ షిఫ్టు కింది స్టెబిలైజరు గలగలమంటే పేజీ పూర్తయ్యేసరికి చిరాకెత్తుతుంది. దుకాణంలో ముందు నొక్కి చూడవలసింది దాన్ని.

డబ్బు ఎంత పెట్టాలన్న ప్రశ్నకు నా లెక్క ఇది. మామూలు రబ్బరు పొర కీబోర్డు నుంచి ఐదారు వేల రూపాయల హాట్‌స్వాప్ మెకానికల్ కీబోర్డుకు మారినప్పుడు కలిగే తేడా అన్నిటికంటే పెద్దది. హాట్‌స్వాప్ అంటే టంకం అవసరం లేకుండా స్విచ్చులను ఊడదీసి మార్చుకునే ఏర్పాటు, దీనివల్ల ఒక్క స్విచ్ చెడితే ఇరవై రూపాయలతో పోతుంది. అక్కణ్ణుంచి పదిహేను వేల శ్రేణిలోని అల్యూమినియం కీబోర్డుకు వెళితే బరువు, స్థిరత్వం, చప్పుడులోని నిండుతనం పెరుగుతాయి, ఆ తేడా కూడా నిజమైనదే. పదిహేను వేల నుంచి యాభై వేలకు వెళ్లినప్పుడు వచ్చే తేడాలో టైపింగుకు చెందినది కొద్ది. యూట్యూబులో వినిపించే చప్పుళ్లను బట్టి ఈ మెట్లు ఎక్కవద్దు. మైకు ఎక్కడ పెట్టారు, బల్ల మీద గుడ్డ పరిచారా, గది ఎంత అన్న వాటిని బట్టి ఒకే కీబోర్డు నాలుగు రకాలుగా వినిపిస్తుంది.

చివరగా వాడిన వస్తువుల బజారు. ఔత్సాహికులు తరచుగా కీబోర్డులు మారుస్తుంటారు కాబట్టి మంచివి సగటు కొనుగోలుదారుకు వీలైన ధరలో ఇక్కడ దొరుకుతాయి. పెట్టె మూలలు, రంగు దెబ్బతిన్నచోట్లు పగటి వెలుతురులో తీసిన ఫొటోల్లో చూపమనండి. హాట్‌స్వాప్ కాకపోతే టంకం ఎవరు వేశారో, ఎన్నిసార్లు విప్పారో అడగండి, ఎందుకంటే పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు, మీది రాగి పొర లేచిపోతే బాగుచేయడం కష్టం. ప్రతి మీటా పనిచేస్తున్నట్టు వీడియో తీయించుకోండి. అమ్మేవారు పాత గ్రూప్ బై ధరను చూపి ఇది అరుదైనదని చెబితే, అదే రంగుల సెట్టు లేదా అదే కీబోర్డు మరోసారి తయారీకి వస్తోందేమో ముందు విచారించండి. జీఎంకే ఒలీవియా వంటి పేరుమోసిన సెట్లే మళ్లీ తయారయ్యాయి, రెండో విడత వస్తుందన్న వార్త పొక్కగానే మొదటి విడత ధర జారడం సహజం. కీబోర్డును పెట్టుబడిగా భావించి కొనేవారికి నేను ధైర్యం చెప్పలేను.

వెలుపలి బల్లల మీద రకరకాల ధరల్లోని కీబోర్డులు ఉంచాం. అన్నిటినీ ఇన్‌స్క్రిప్ట్ అమరికతోనే కంప్యూటర్లకు కలిపాం. ధర చీటీలు అడుగుభాగాన అంటించి ఉన్నాయి కాబట్టి, ముందు ఒక పేరా తెలుగు టైపు చేసి, ఎంత పెట్టవచ్చో మీరే ఒక అంకె అనుకుని, ఆ తర్వాతే తిప్పి చూడండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.